పసిపిల్లల చేతికి లక్క బొమ్మ

ఏటికొప్పాక లక్క బొమ్మలో ముఖ్యంగా ఉండేవి మూడే వస్తువులు. అంకుడు కర్ర, లక్క, రంగు. కర్ర అడవి చెట్టుది. లక్క ఒక చిన్న పురుగు కూడబెట్టింది. రంగు, ప్రకృతి రంగులతో చేసిన బొమ్మ అయితే, పసుపు కొమ్ము నుంచో జాఫ్రా గింజ నుంచో నీలి మొక్క ఆకు నుంచో వచ్చింది. పైన వార్నిష్ ఉండదు. రంగు ఆరడానికి కలిపే ఘాటైన ద్రావకాలూ ఉండవు. పళ్లు వచ్చే వయసులో బిడ్డ ఏ వస్తువునైనా ముందు నోటితోనే పరిచయం చేసుకుంటుంది కనుక, బొమ్మలో ఏముందన్న ప్రశ్నతో పాటు ఏం లేదన్న ప్రశ్న కూడా ముఖ్యమే. ఆ రెండో ప్రశ్నకు తృప్తికరమైన జవాబు ఇవ్వగల బొమ్మల్లో ఇది ఒకటి.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. విశాఖపట్నానికి సుమారు 65 కిలోమీటర్ల దూరం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఇది విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఊరికి ఒక వైపు సముద్ర తీరపు మైదానం, మరో వైపు తూర్పు కనుమలు. ఆ కనుమల అడవుల్లో పెరిగే అంకుడు చెట్టు అందుబాటులో ఉండటమే ఈ పని ఇక్కడ స్థిరపడటానికి ముఖ్య కారణం. ఏటికొప్పాక జమీందారులు ఈ పనివాళ్లను ఆదరించారు. దగ్గరలోని నక్కపల్లి కూడా లక్క సామానుకు పేరు మోసిన ఊరే.

అంకుడు చెట్టు శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. పెద్ద వృక్షం కాదు. పొడి అడవుల్లో, రాతి నేలల్లో కూడా పెరిగే మధ్యరకం చెట్టు. తుంచితే పాలు కారతాయి. ఆకుల నుంచి నీలి రంగు తీసే వాడుక ఒకప్పుడు ఉండేది. కర్ర తెల్లగా, కొద్దిపాటి పసుపు ఛాయతో, మెత్తగా ఉంటుంది. పోగులు సన్నగా, ఒకే తీరుగా ఉండటం దాని అసలు గుణం. ఉలి ఎటు తగిలినా నునుపుగా తెగుతుంది, పేళ్లు లేవదు. పసిపిల్లల బొమ్మకు ఇంతకన్నా కావలసిన గుణం లేదు, ఎందుకంటే చెక్క బొమ్మ విషయంలో తల్లులకు ఉండే మొదటి భయం చేతిలో దిగే పేడు గురించే. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకు వాడేదీ ఈ కర్రే. రెండు ఊర్ల మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉన్నా, ఒకే చెట్టు, ఒకే లక్క, ఒకే రకం యంత్రం రెండు చోట్లా ఒకే జాతి బొమ్మను పుట్టించాయి.

ఈ పనికి దూలాలు, దుంగలు అక్కర లేదు. చేతి మందం కొమ్మలు చాలు. కొట్టిన చోట అంకుడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి చెట్టును వేళ్లతో పెకలించకుండా కర్ర తీసుకోవచ్చు. కోసి తెచ్చిన కర్రను నీడలో బాగా ఆరనివ్వాలి. పచ్చి ఆరని కర్రతో చేసిన భరిణె నాలుగు రోజులకే పగులుతుంది, లేదా దాని మూత బిగుసుకుపోతుంది. తొందరలో చేసిన సరుకు లోపం ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది.

ఇక లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మల మీద లక్క పురుగులు గుంపులుగా చేరి, రసం పీలుస్తూ, తమ చుట్టూ ఒక జిగట పదార్థాన్ని స్రవిస్తాయి. అది గట్టిపడి కొమ్మకు గూడులా అంటుకుంటుంది. ఆ పెంకును గీకి, నలగ్గొట్టి, కడిగి, కరిగించి వడగడితే వాడుకకు తగిన లక్క తయారవుతుంది. దేశంలో లక్క ఎక్కువగా ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. గాజులకు, నగల లోపలి పూరకానికి, ఉత్తరాల మీద వేసే ముద్రకు లక్క వాడకం తెలిసిందే. శుద్ధి చేసిన లక్కను మందు బిళ్లల మీద, మిఠాయిల మీద పూతగా కూడా వాడతారు. అంటే నోట్లోకి వెళ్లినా హాని లేని పదార్థంగా దానికి గుర్తింపు ఉంది. వేడికి మెత్తబడటం, చల్లారగానే గట్టిపడటం దాని స్వభావం. సుమారు 70, 80 డిగ్రీల సెల్సియస్ మధ్య అది కరిగిపోతుంది. లక్క బొమ్మ తయారీ మొత్తం ఈ ఒక్క స్వభావం మీద ఆధారపడి ఉంది.

రంగును బొమ్మకు పూయరు. ముందే లక్కలో కలుపుతారు. బొగ్గుల కుంపటి సెగ మీద లక్కను మెత్తబరచి, మెత్తగా నూరిన రంగు చేర్చి, జీళ్ల పాకం లాగినట్టు లాగుతూ మడుస్తూ పిసుకుతారు. రంగు అంతటా సమంగా పట్టే దాకా ఈ లాగుడు సాగుతుంది. ఆ తర్వాత దాన్ని కడ్డీలుగా చేసి చల్లార్చి పెట్టుకుంటారు. పసుపు రంగుకు పసుపే. నారింజ ఛాయకు జాఫ్రా గింజలు, వీటిని విశాఖ మన్యంలో గిరిజనులు పండిస్తారు. నీలానికి నీలిమందు. నీలి, పసుపు కలిస్తే ఆకుపచ్చ. మంజిష్ఠ వంటి వేళ్లు ఎర్ర ఛాయలు ఇస్తాయి. ఈ రంగుల్లో ఏదీ కళ్లు చెదిరేలా మెరవదు. కొంచెం మట్టి ఛాయ కలిసి, పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి పొసిగి కనిపిస్తాయి. దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మల వరుస పక్కన చూస్తే వెలిసినట్టు అనిపించవచ్చు. ఇంట్లో చూసినప్పుడు ఆ మెత్తదనం విలువ తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఊరికి కూడా రసాయన రంగులు వచ్చాయి. చవక, త్వరగా కలుస్తాయి, ఎప్పుడు చేసినా ఒకే ఛాయ. మొక్కల రంగుల వాడకం దాదాపు ఆగిపోయింది. ఏటికొప్పాకకే చెందిన చింతలపాటి వెంకటపతి రాజు, అందరూ సి.వి.రాజు అని పిలిచే ఆయన, 1990ల నుంచి మొక్కల రంగులను లక్కకు పట్టించే పద్ధతులను మళ్లీ వెదికి, ప్రయోగాలు చేసి, స్థానిక పనివాళ్లకు అందించారు. ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గాని అంత సులువు కాదు. బట్టకు పట్టే రంగు లక్కకు పట్టాలని లేదు. నీటిలో కరిగే రంగు లక్కలో కలవదు. కుంపటి సెగకు కొన్ని రంగులు మాడి నల్లబడతాయి. ప్రతి రంగుకూ పొడి ఎంత మెత్తగా ఉండాలి, లక్కలో ఎంత కలపాలి, సెగ ఎంత ఉండాలి అన్నది విడివిడిగా తేల్చుకోవాల్సి వచ్చింది. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం దక్కింది. పసిపిల్లల బొమ్మల దృష్టితో చూస్తే ఏటికొప్పాక చరిత్రలో ఇదే అన్నిటికన్నా పెద్ద మలుపు. రసాయన రంగులు పూర్తిగా పోలేదు, ఇప్పటికీ రెండు రకాల సరుకూ బజారులో దొరుకుతుంది. కొనేవాళ్లు అడిగి తెలుసుకోవాల్సిన మొదటి విషయం అదే.

కర్రను బొమ్మగా మార్చేది లేత్. తెలుగులో దీనికి తరిమెన అనే పాత పేరు ఉంది. మోటార్లు రాక ముందు ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు తాడును ముందుకూ వెనక్కూ లాగుతూ కర్రను తిప్పితే, మరొకరు ఉలి పట్టేవారు. చాలా ఇళ్లలో తాడు లాగే చేయి ఇంటి ఆడవాళ్లదో పిల్లలదో అయ్యేది. కరెంటు మోటారు వచ్చాక ఒకరితోనే పని జరుగుతోంది. ఆరిన కర్ర ముక్కను యంత్రానికి బిగించి తిప్పుతూ, ముందు మందపు ఉలితో బెరడు, వంకరలు తీసి గుండ్రం చేస్తారు. తర్వాత సన్న ఉలితో ఆకారం. బిందె అయితే మెడ దగ్గర సన్నబడి, పొట్ట దగ్గర ఉబ్బి, అడుగున నిలబడేలా ఉండాలి. లోపల డొల్ల కావాలంటే వంపు ఉలితో లోపలి నుంచి తొలుస్తారు. కొలతకు స్కేలు అరుదుగా వాడతారు. ఒకే సెట్టులోని రెండు గిన్నెలు చూపుకు తేడా లేకుండా ఉంటాయంటే అది పూర్తిగా చేతి అలవాటు.

ఆకారం కుదిరి, నునుపు చేశాక, కర్ర ఇంకా తిరుగుతూ ఉండగానే లక్క కడ్డీని దానికి అదిమి పెడతారు. ఒరిపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్ర మీద పొరగా పరుచుకుంటుంది. కడ్డీని పక్కకు జరుపుతూ పోతే రంగు పట్టీలా సాగుతుంది. రెండు రంగులు కావాలంటే రెండు కడ్డీలు. ఉలి మొనతో తాకితే పొర లేచి తెల్లని గీత పడుతుంది. ఇంత వరకు పూత గరుకుగా, చారలు చారలుగా ఉంటుంది. అప్పుడు ఎండిన మొగలి ఆకును మడిచి, తిరిగే బొమ్మకు గట్టిగా అదుముతారు. మళ్లీ వేడి పుట్టి లక్క మరోసారి మెత్తబడి, చారలు కలిసిపోయి, అద్దంలాంటి నునుపు వస్తుంది. ఇంత జరిగినా బొమ్మకు కుంచె తగలదు, ద్రావకం తగలదు. అందుకే కొత్త లక్క బొమ్మకు పెయింటు వాసన ఉండదు. చల్లారిన మరుక్షణం పిల్లల చేతికి ఇవ్వవచ్చు.

లేత్ మీద గుండ్రనివే తయారవుతాయి. ఈ పనికి అదొక హద్దు. ఏనుగును చేయాలంటే పొట్ట ఒక గుండు, తల ఒక గుండు, కాళ్లు నాలుగు స్తంభాలు. వాటిని విడిగా తిప్పి, రంధ్రాల్లో కర్ర సీలలు బిగించి కలుపుతారు. చెవుల మడతలు, తొండం ముడతలు చూపించడం సాధ్యం కాదు. శిల్పంగా చూస్తే ఇది లోటే. కానీ రెండేళ్ల బిడ్డకు ఇది మేలు చేస్తుంది. కోసుకునే అంచు, గుచ్చుకునే మూల ఎక్కడా ఉండవు. కింద పడ్డా విరిగే సన్నని కొమ్ములూ తోకలూ తక్కువ. నాలుగు గుండ్లు కలిపితే ఏనుగు అని గుర్తుపట్టడంలో మిగతా పని బిడ్డ ఊహ చేసుకుంటుంది.

తెలుగు నేల మీద ఉన్న మిగతా చెక్క బొమ్మలతో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్ల పొణికి. అది ఎంతో తేలికైన కర్ర. బొమ్మ అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సుద్ద పూసి, కుంచెతో రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, దంపుళ్ల దృశ్యం, ఇవన్నీ కంటికి విందు. సంక్రాంతి బొమ్మల కొలువులో వాటిదే పెద్దపీట. అయితే అవి చూడవలసిన బొమ్మలు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇచ్చేవి కావు. తెలంగాణలోని నిర్మల్‌లో పొణికితో చేసే పండ్లు, పక్షులు కూడా అలంకారానికి ఉద్దేశించినవే. పసిపిల్లల చేతిలో నలగడానికి చేసిన బొమ్మ ఏటికొప్పాక వైపు దొరికేదే. దాన్ని కూడా అద్దాల బీరువాలో పెట్టి దాచడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది ఆ బొమ్మకు తగిన చోటు కాదు.

మూడు నాలుగు నెలల బిడ్డకు మొదటి బొమ్మ గిలక్కాయ. లోపల డొల్ల చేసి గింజలు వేసి మూసినది ఒక రకం, పిడికి వదులుగా కర్ర ఉంగరాలు తొడిగినది మరో రకం. ఊపితే చప్పుడు వస్తుందని, ఆపితే ఆగుతుందని తెలుసుకోవడమే ఆ వయసులో పెద్ద జ్ఞానం. చెక్క గిలక్కాయ చప్పుడు మెత్తగా ఉంటుంది, చెవికి దగ్గరగా ఊపినా బాధించదు. పిడి మందం బిడ్డ అరచేతిలో ఇమడాలి, బరువు ఎక్కువ ఉండరాదు. పడుకున్న బిడ్డ చేతిలోంచి జారితే పడేది మొహం మీదే.

ఆరేడు నెలలకు కూర్చోవడం వస్తుంది. ఏడాది నిండే సరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోగలుగుతుంది. ఒక నిలువు కర్రకు పెద్ద నుంచి చిన్న వరకు చక్రాలు గుచ్చే బొమ్మ ఈ వయసుకు తగినది. చెక్క బొమ్మ చేసే ఒక ఉపకారం ఇక్కడ కనిపిస్తుంది. గట్టి కర్రలో పెద్ద చక్రం బరువు, చిన్న చక్రం తేలిక. కంటికి కనిపించే పరిమాణం, చేతికి తెలిసే బరువు ఒకే మాట చెబుతాయి. లోపల గాలి తప్ప ఏమీ లేని ప్లాస్టిక్ బొమ్మలో ఆ పొందిక ఉండదు. చెక్క వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి చలికాలం ఉదయాన ముట్టుకున్నా లోహంలా చురుక్కుమనదు.

నడక నేర్చే వయసుకు మూడు చక్రాల బండి. తెలుగు ఊళ్లలో కొన్ని తరాల పిల్లలు దీన్ని పట్టుకునే అడుగులు నేర్చారు. బిడ్డను లోపల కూర్చోబెట్టి దొర్లించే ఇప్పటి ప్లాస్టిక్ వాకర్‌కూ దీనికీ తేడా ఉంది. మూడు చక్రాల బండిని పట్టుకోవాలంటే బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి తీరాలి. వాకర్లు మెట్ల మీద నుంచి పడిపోయే ప్రమాదాలకు కారణమవుతున్నాయని కెనడా 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. మూడు చక్రాల బండికి కూడా వెనక పెద్దవాళ్ల కన్ను ఉండాలి, నున్నటి గచ్చు మీద అది ముందుకు జారుతుంది. తాడు కట్టి లాగే ఏనుగులు, బాతులు, రైలుబండ్లు దాని తర్వాత వస్తాయి. ఏడాదిన్నర లోపు పిల్లల బొమ్మకు తాడు 22 సెంటీమీటర్లకు మించకూడదని భద్రతా ప్రమాణాలు చెబుతాయి. అంటే జానెడు. అంతకన్నా పొడుగైతే మెడకు చుట్టుకోవచ్చు.

మూడేళ్లు నిండాక లక్క పిడతల కాలం. ఆంధ్రదేశంలో లక్క బొమ్మ అనగానే పెద్దవాళ్లకు గుర్తుకొచ్చేది ఈ పిడతలే. చిన్న బిందె, చెంబు, గంగాళం, పొయ్యి, రోలు, రోకలి, తిరగలి, గరిటె, జల్లెడ, ఇలా వంటింటి సామానంతా బొటనవేలంత పరిమాణంలో ఒక సెట్టుగా వస్తుంది. తీర్థాల్లో, జాతరల్లో ఇవి కొనివ్వడం ఆనవాయితీ. పిల్లలు వీటితో గుజ్జనగూళ్లు ఆడతారు. ఇసుక అన్నం, ఆకులు కూర, పక్కింటి పాప చుట్టం. ఈ ఆటలో నేర్చుకునేది వంట కాదు. ఒక వస్తువును మరొకటిగా ఊహించుకోవడం, వంతులు వేసుకోవడం, అతిథికి వడ్డించే మాటలు, కోపం వస్తే సర్దుకోవడం. తిరగలి నిజంగా తిరుగుతుంది, రోకలి నిజంగా రోట్లో దిగుతుంది. తిరగలి కనిపించని ఇళ్లలో పెరిగే పిల్లలకు అదేమిటో చెప్పేది ఈ బొమ్మే. ఈ ఆట ఆడపిల్లలదని గిరి గీయడం వల్ల మగపిల్లలు నష్టపోయారన్నది నిజం. ఆ వయసు పిల్లలు ఎవరైనా పిడతలు దొరికితే వంట మొదలుపెడతారు.

పిడతలతో పాటు బొంగరాలు. ముందు వేళ్లతో తిప్పే చిన్న బొంగరం, ఆరేడేళ్లు వచ్చాక తాడు చుట్టి విసిరే పెద్ద బొంగరం. లేత్ మీద తిరుగుతూ పుట్టిన వస్తువు కనుక బొంగరం సమతూకంలో లోపం ఉండదు. తిరిగేటప్పుడు దాని మీది రంగు పట్టీలు కలిసి కొత్త రంగులుగా కనిపించడం పిల్లలకు ఎంతసేపు చూసినా విసుగు పుట్టించదు.

చిన్నపిల్లల చదువులో చెక్క బొమ్మకు చోటు కల్పించిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్. జర్మనీలోని బాట్ బ్లాంకెన్‌బుర్గ్‌లో 1837లో ఆయన ప్రారంభించిన సంస్థే తర్వాత కిండర్‌గార్టెన్ అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. ఆయన పిల్లలకు వరుసగా ఇచ్చిన ఆట వస్తువుల్లో రెండోది చెక్కతో చేసిన గోళం, స్తంభం, ఘనం. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన బడిలో కూడా చెక్క సామగ్రిదే ముఖ్య స్థానం. ఒక్కో సెంటీమీటరు చొప్పున పెరిగే పది గులాబీ ఘనాల గోపురం, దిమ్మెలో దిగే పది స్తంభాలు ఆమె రూపొందించినవే. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండిపోయారు. ఆమె సామగ్రిలో స్తంభాలు, ఫ్రోబెల్ గోళాలు లేత్ మీద తయారయ్యే రకమే. ఏటికొప్పాక చేతులకు కొత్త కాని పని.

తనంతట తాను పాడే, మాట్లాడే బొమ్మల కన్నా మౌనంగా ఉండే బొమ్మ పిల్లల మాటకు మేలు చేస్తుందనడానికి ఒక పరిశీలన ఉంది. అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన అనా సోసా 10 నుంచి 16 నెలల వయసున్న పిల్లలను, వారి తల్లిదండ్రులను, మొత్తం 26 జంటలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. బ్యాటరీ బొమ్మలతో ఆడినప్పుడు పెద్దలు బిడ్డతో తక్కువ మాట్లాడారు. చెక్క పజిల్, దిమ్మెలు వంటి మామూలు బొమ్మలతో ఎక్కువ మాట్లాడారు. పుస్తకాలతో ఇంకా ఎక్కువ. జంటల సంఖ్య చిన్నదే. అయినా ఇంట్లో ఎవరైనా చూసి పోల్చుకోదగిన విషయమే. బొమ్మ మాట్లాడుతుంటే మనిషి ఊరుకుంటాడు.

ఇంత చెప్పుకున్నా, చెక్కతో చేసినది కాబట్టి భద్రం అనుకోవడానికి లేదు. 2007 జూన్‌లో అమెరికాలో సుమారు 15 లక్షల చెక్క రైలు బొమ్మలను, విడి భాగాలను బజారు నుంచి వెనక్కి రప్పించారు. వాటి రంగులో సీసం ఉండటమే కారణం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన పలకలతో తయారయ్యే చవక బొమ్మల్లో ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడవచ్చు. ఘాటైన వాసన వచ్చే చెక్క బొమ్మను పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది.

భారతదేశంలో బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఐఎస్ 9873 అనే ప్రమాణం బొమ్మ అంచులు, విడిపోయే భాగాలు, మండే గుణం, సీసం, కాడ్మియం, పాదరసం వంటి మూలకాలు, వీటన్నిటినీ పరీక్షిస్తుంది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్ల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఇందులో మినహాయింపు ఇచ్చారు. ఒక్కో రకానికి పరీక్షల ఖర్చు భరించడం ఇంట్లో పనిచేసుకునే కుటుంబాలకు సాధ్యం కాదు కనుక ఇది న్యాయమైన మినహాయింపు. కాకపోతే అప్పుడు చూసుకునే బాధ్యత కొనేవాళ్ల మీద ఎక్కువ పడుతుంది.

చూసుకోవలసింది ముందు పరిమాణం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ప్రమాణం ఒక చిన్న గొట్టాన్ని కొలతగా పెట్టింది. దాని లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. బొమ్మ గాని, దాని నుంచి ఊడే భాగం గాని అందులో పూర్తిగా ఇమిడితే అది గొంతులో అడ్డుపడగలదు. బంతులకు కొలత ఇంకా పెద్దది, 44.5 మిల్లీమీటర్లు. లక్క పిడతల్లో చాలా భాగం ఈ గొట్టంలో దూరిపోతాయి. కాబట్టి మూడేళ్లు నిండని బిడ్డ ఉన్న ఇంట్లో పిడతల బుట్ట అందని ఎత్తులో ఉండాలి, అక్క ఆడుకునేటప్పుడు తమ్ముడి మీద కన్నుండాలి. ఆ తర్వాత బిగింపు. చక్రాలు, తలలు, సీలలు గట్టిగా లాగి చూడాలి. రంగు విషయంలో అమ్మేవాళ్లనే నేరుగా అడగడం మంచిది. తడి తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు దిగితే ఆ బొమ్మ పసిపిల్లలకు పనికిరాదు. దిగనంత మాత్రాన లోపల ఏ రంగు వాడారో తెలియదు.

లక్క బొమ్మను శుభ్రం చేయడానికి తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దితే సరిపోతుంది. నీళ్లలో నానబెడితే కర్ర ఉబ్బి పూత పగులుతుంది. పాలసీసాలను మరిగించినట్టు మరిగిస్తే లక్క కరిగిపోతుంది. శానిటైజర్ అసలు వాడకూడదు, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఎండలో ఉంచితే పసుపు వంటి రంగులు వెలిసిపోతాయి. పొయ్యి దగ్గర ఉంచకూడదని వేరే చెప్పనక్కర లేదు, లక్క ఇల్లు కథ తెలియని తెలుగువాళ్లు తక్కువ. పూత అక్కడక్కడా లేచినా బొమ్మ పాడైనట్టు కాదు, మళ్లీ లేత్‌కు బిగించి కొత్త లక్క పట్టించవచ్చు.

ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే సాగి మూడో బహుమతి గెలుచుకుంది. పేరు వచ్చింది, గిరాకీ కూడా కొంత పెరిగింది. పనివాళ్ల కష్టాలు మాత్రం వేరే చోట ఉన్నాయి. అందులో పెద్దది కర్ర. దగ్గరి అడవుల్లో అంకుడు తగ్గింది, దూరం నుంచి తెచ్చుకోవాల్సి వస్తోంది, తెచ్చే కర్రకు అటవీ శాఖ అనుమతులు కావాలి. చెరువు గట్ల మీద, బంజరు భూముల్లో అంకుడు తోటలు పెంచితే తప్ప ఈ కొరత తీరదు. నాటిన మొక్క లేత్ ఎక్కే మందానికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి ఆలస్యమయ్యే ప్రతి ఏడూ లెక్కలోకి వస్తుంది. రెండోది కూలి. మొక్కల రంగు తయారీకి పట్టే రోజులు ధరలో కనిపించవు, పక్కన పెట్టిన రసాయన రంగు బొమ్మ చవకగా ఉంటుంది, తేడా తెలియని కొనుగోలుదారు దాన్నే ఎంచుకుంటారు. ప్రకృతి రంగు సరుకుకు పనివాళ్లు, లేపాక్షి వంటి ప్రభుత్వ దుకాణాలు కలిసి స్పష్టమైన గుర్తు వేయగలిగితే ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

గిరాకీ పండగలకు, పర్యాటకుల రాకకు ముడిపడి ఉండటం మరో చిక్కు. మధ్యలో పని తగ్గిపోతుంది, యువకులు విశాఖ వైపు వేరే కొలువులకు వెళ్తారు. దీనికి దగ్గరలోనే ఒక దారి ఉంది. అంగన్‌వాడీ కేంద్రాలకు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ఆటవస్తువుల కిట్లు అందించే ఏర్పాటు ఇప్పటికే ఉంది. గుచ్చే చక్రాలు, స్తంభాలు, పూసలు, బొంగరాలు, పెద్ద పరిమాణంలో చేసిన పిడతలు, ఆ వయసు పిల్లలకు కావలసిన ఈ వస్తువులన్నీ లేత్ మీద తయారయ్యేవే. పరిమాణం, రంగు ముందే నిర్ణయించి ఏడాది పొడవునా ఆర్డరు ఇస్తే పనివాళ్లకు ఖాళీ నెలల్లో పని దొరుకుతుంది, కొనడానికి స్తోమత లేని ఇళ్ల పిల్లల చేతికి కూడా ప్రకృతి రంగుల బొమ్మ చేరుతుంది.